పూజలో ఉన్న ర్యామ్

మునిస్వామి ఇంట్లో ఆయుధపూజ అంటే లాప్‌టాప్‌ల పూజే. చిత్తూరు దగ్గర పల్లెలో ఉన్న రోజుల్లో ఆయన పారకీ, గొడ్డలికీ, బావి మోటారుకీ బొట్లు పెట్టిన మనిషి. హైదరాబాదు వచ్చి, ప్లాట్ల వ్యాపారంలో నాలుగు రాళ్ళు వెనకేసుకుని, ప్రగతి నగర్‌లో ఫ్లాటు కొన్నాక పారలు పోయాయి, పూజ మిగిలింది. మహర్నవమి సాయంత్రం హాల్లో పీట వేసి, దానిమీద పట్టుగుడ్డ పరిచి, మూడు లాప్‌టాప్‌లు వరసగా పెడతారు. ఒకటి ఆయనది, ఒకటి కొడుకు ప్రశాంత్‌ది, మూడోది కోడలు లావణ్యది. పక్కన కారు తాళాలూ, మనవరాలు రసజ్ఞ పెన్సిళ్ళ డబ్బా, ఆయన భార్య శారదమ్మ మిక్సీ జారూ. జారుకి బొట్టు పెట్టేటప్పుడు శారదమ్మకు ఏటా నవ్వొస్తుంది. మొగుడు ఏటా కసురుకుంటాడు.

పూజకు ముందు ఆయుధాలు కడగాలి కదా. లాప్‌టాప్‌ని కడిగితే ఏమవుతుందో తెలుసు కాబట్టి, వీళ్ళింట్లో దానికి బదులు ఇంకో పద్ధతి పెట్టుకున్నారు. నవమి మధ్యాహ్నం ప్రశాంత్ మూడింటినీ తన గదిలోకి పట్టుకుపోతాడు. అడుగు మూతలు విప్పి, బ్లోయరుతో దుమ్ము ఊది, లోపలి ర్యామ్ ముక్కలు ఊడదీసి, వాటి పసుప్పచ్చటి పళ్ళను రసజ్ఞ రబ్బరుతో రుద్ది, మళ్ళీ బిగిస్తాడు. హైటెక్ సిటీలో అతను మేనేజరు. ఏడాది పొడుగునా మీటింగుల్లో మాట్లాడ్డం తప్ప చేతులతో చేసే పని ఒక్కటీ ఉండదు. అందుకేనేమో ఈ ఒక్క పూట స్క్రూడ్రైవరు పట్టుకునేసరికి ఎక్కడలేని హుషారూ వచ్చేస్తుంది. ఈ ఏడు ఆ హుషారే కొంప ముంచింది.

దశమి పొద్దున పది గంటలకు లావణ్యకు పరీక్ష ఉంది. పిల్లల కోసం ఉద్యోగం మానేసిన ఆడవాళ్ళను మళ్ళీ తీసుకుంటామని గచ్చిబౌలిలో ఒక కంపెనీ ప్రకటన ఇచ్చింది. మానేసి ఆరేళ్ళు దాటకూడదని షరతు. లావణ్యకు వచ్చే నెలతో దాటిపోతాయి. అంటే ఈ పరీక్ష తప్పితే ఆ తలుపు మళ్ళీ తెరుచుకోదు. రసజ్ఞ పుట్టకముందు ఆమె మాదాపూర్‌లో ఒక లాప్‌టాప్ కంపెనీ హెల్ప్ సెంటర్లో పనిచేసేది. చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, ఏ ఊళ్ళో ఎవరి లాప్‌టాప్ మొరాయించినా ఇక్కణ్ణుంచి ఫోన్లోనే నయం చేసేది. పిల్ల కడుపులో పడగానే అందరూ "తర్వాత చేరొచ్చులే" అన్నారు. అన్నవాళ్ళందరూ మర్చిపోయారు. ఆమె మర్చిపోలేదు. కింది అంతస్తులో ఉండే భూలక్ష్మి మధ్యాహ్నాలు రసజ్ఞను తన దగ్గర ఉంచుకుంటే, ఆ కాస్త వ్యవధిలోనే కూర్చుని వేసవి నుంచీ చదివింది.

పరీక్ష ఇంట్లోంచే రాయాలి. కాపీ కొట్టకుండా కనిపెట్టే సాఫ్ట్‌వేర్‌ని ముందుగానే లాప్‌టాప్‌లో వేసుకుని, ఆ లాప్‌టాప్‌నే నమోదు చేయించుకోవాలి. తర్వాత ఇంకో దాంట్లో రాస్తానంటే ఒప్పుకోరు. అష్టమినాడే లావణ్య ఆ పనంతా ముగించింది. కెమెరా, మైకు, నెట్టు, అన్నింటి పక్కనా ఆకుపచ్చ టిక్కులు పడ్డాయి. పరీక్ష పెట్టేది బయటి దేశపు ఏజెన్సీ కాబట్టి వాళ్ళకు దసరా పట్టదు. శారదమ్మ కూడా విజయదశమికి మించిన మంచిరోజు ఏముంటుందమ్మా అంది.

పూజలో పెట్టిన వస్తువును ఉద్వాసన చెప్పేదాకా ముట్టకూడదు. పూజారిని ఫోన్లో అడిగితే దశమినాడు పదకొండు దాటాక చెప్పమన్నాడు. లావణ్య భయపడుతూనే మామ దగ్గర నోరు విప్పింది. మునిస్వామి కాసేపు గడ్డం గోక్కుని, "చదువు పని కాబట్టి తప్పులేదు. నీది మాత్రం పొద్దున్నే దండం పెట్టుకుని తీసుకోమ్మా" అన్నాడు. ఆ మాటకే ఆమె పొంగిపోయింది. మా మామ మంచాయన అని పుట్టింటికి ఫోన్ చేసి మరీ చెప్పుకుంది.

దశమి పొద్దున తలంటుకుని, దండం పెట్టుకుని, తన లాప్‌టాప్ ఎత్తుకుంది. మూత మీది కుంకుమ తుడిచి, గదిలో బల్ల మీద పెట్టి, బటన్ నొక్కింది. లైటు వెలిగింది. లోపల ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. మళ్ళీ నొక్కితే లోపలినుంచి బీప్, బీప్ అని ఆగి ఆగి మోగింది. లావణ్య గుండె జారిపోయింది.

జారిన గుండెను కూడదీసుకోవడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. ఆ మోత ఆమెకు బాగా తెలిసిందే. హెల్ప్ సెంటర్లో వారానికి ఒక్కరైనా ఫోన్లో అదే మోత వినిపించి, కొత్తగా ర్యామ్ వేయించాం మేడమ్, అప్పట్నుంచీ ఇంతే అనేవాళ్ళు. ఆమె లాప్‌టాప్‌ను బోర్లా తిప్పి, మూత విప్పి చూసింది. లోపలున్నది ఆమె ర్యామ్ కాదు. ఆమెది ఎనిమిది జీబీది, తక్కువ వోల్టేజీ రకం. ఇందులో ఉన్నది లేబుల్ పసుపెక్కిన నాలుగు జీబీది, పాత రకం. అది మామ లాప్‌టాప్‌లోదని చూడగానే అర్థమైంది.

బయటినుంచి చూస్తే ఆ రెండు రకాలకూ తేడా తెలియదు. పొడవూ అంతే, పళ్ళూ అంతే, మధ్యలో గాడి కూడా ఒకేచోట ఉంటుంది. తేడా అంతా కరెంటులో ఉంది. పాత రకానికి ఒకటిన్నర వోల్టులు పడాలి. తక్కువ వోల్టేజీ రకం ఒకటీ పాయింట్ ముప్పైయైదుతో సరిపెట్టుకుంటుంది, ఒకటిన్నర ఇచ్చినా కాదనదు. అందుకని దాన్ని మునిస్వామి పాత లాప్‌టాప్‌లో పెట్టినా హాయిగా నడుస్తుంది. లావణ్య లాప్‌టాప్ మాత్రం తక్కువ వోల్టేజీ తప్ప ఇవ్వలేదు. పాత ముక్కను దాంట్లో పెడితే చక్కగా కూర్చుంటుంది గానీ లేవదు. పైగా దాంట్లో ర్యామ్‌కు ఉన్నది ఒక్కటే చోటు.

ప్రశాంత్ బాల్కనీలో కాఫీ తాగుతూ ఫోన్ చూసుకుంటున్నాడు.

"నా ర్యామ్ తీశారా?" అని అడిగింది లావణ్య. పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఆమె అతన్ని మీరు అంటుంది.

"ఓ, అదా. నాయన మిషన్ మరీ నత్తలాగా ఉండాది. తెల్లాపూర్ లేఔట్ మ్యాపులు తెరిస్తే చాలు, బిగుసుకుపోతా ఉండాది. నీది ఎనిమిది, ఆయనది నాలుగు. అటుదిటు మార్చినా. పరీక్షకు నాలుగు చాలదా ఏంది?"

"నాకో మాట చెప్పలేదే."

"దాంట్లో చెప్పేదానికి ఏముంది?"

"మార్చాక ఆన్ చేసి చూశారా?"

ప్రశాంత్ కాఫీ కప్పులోకి చూశాడు. "అమ్మ అప్పటికే కుంకుమ కలిపి పెట్టుకొని పిలస్తా ఉండె."

లావణ్య వోల్టుల సంగతి చెప్పింది. ఫోన్లో కొత్తవాళ్ళకు చెప్పినట్టు నెమ్మదిగా, తేలిక మాటల్లోనే చెప్పింది. అతను సగంలోనే తల అడ్డంగా ఊపాడు. "రెండూ డీడీఆర్ త్రీ రకమే కదా. టక్కుమని కూర్చునింది. ర్యామ్ వల్ల కాదు, ఇంకేదో అయ్యుంటుంది. నువ్వు ఆ పని వదిలి ఎన్నేళ్ళయ్యింది, ఇప్పుడన్నీ మారిపోయినాయి."

ఆరేళ్ళ కిందటి ర్యామ్ గురించి ఆరేళ్ళ కిందటి మాట చెబితే, అన్నీ మారిపోయాయట. మాదాపూర్‌లో రోజూ ఎంతోమంది ఆమె మాట విని తమ లాప్‌టాప్‌లు బాగుచేసుకున్నారు. కట్టుకున్నవాడికి మాత్రం ఆమె చెప్పేది చెవికెక్కదు. వాదించడానికి వేళ కాదని లావణ్య కోపాన్ని దిగమింగుకుంది.

"సరే, అనుమానం ఎందుకు. మామ మిషన్ విప్పి నాది నాకిచ్చేయండి. చిటికెలో పని. నడవకపోతే నాదే తప్పు."

ప్రశాంత్ లేచి వచ్చాడు గానీ హాలు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. స్క్రూడ్రైవరు లావణ్య చేతిలోనే ఉంది. ఆమె పీట దాకా వెళ్ళి వంగేసరికి, సోఫాలో కూర్చున్న మునిస్వామి పత్రిక పక్కన పెట్టేశాడు.

"ఏమ్మా, ఏం చేస్తా ఉండావు?"

"మీ లాప్‌టాప్ ఒక్కసారి విప్పాలి మామా. నా ర్యామ్ దాంట్లో ఉంది. అది లేక నాది లేవట్లేదు."

"ఉద్వాసన కాకుండా దాన్ని ముట్టేది లేదు. నీది తీసుకోమన్నా గదా."

ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. రెండేళ్ళ కింద నవమినాడు పార్టనర్ రవీందర్ ఒక ప్లాట్ల వెంచరు కాగితాలు కావాలని ఫోన్ చేస్తే, ఆయన పూజలోంచి లాప్‌టాప్ తీసి వాటిని పంపించాడు. ఆ నెల తిరక్కుండానే ఆ వెంచరు కోర్టులో పడింది. అప్పట్నుంచీ ఆయన ఈ విషయంలో మొండి. పైగా మర్నాడే తెల్లాపూర్ స్థలం అగ్రిమెంటు ఉంది.

"అయినా నీ దాంట్లోది నా దాంట్లోకి యెట్ల వచ్చిందమ్మా?" అని అడిగాడాయన.

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. లావణ్య మొగుడి వైపు చూసింది. చేసినవాడు అక్కడే నిలబడి ఉన్నాడు, తనే చెబుతాడులే అనుకుంది. మామ ముందు మొగుణ్ణి వేలెత్తి చూపించడం ఆమెకు చేతకాలేదు.

ప్రశాంత్ నీళ్ళు నమిలాడు. "అదంతా తర్వాత చూద్దాంలే నాయనా. ర్యామ్ వల్లే అని గ్యారంటీ ఏమీ లేదు" అన్నాడు.

అప్పటికి శారదమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. జరిగింది విని, పీట వైపు చూసి చెంపలేసుకుంది. "ఉద్వాసన కాకముందే పూజలోది ఎత్తేస్తిమి గదమ్మా. అమ్మవారికి ఇష్టం లేదేమో. పిల్ల చిన్నది, ఇంకొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండమని చెప్తా ఉందేమో. ఇది అమ్మవారి నిర్ణయం అనుకో."

ప్రశాంత్ ఆ మాట విన్నాడు. కాదమ్మా, ఇది అమ్మవారు చేసింది కాదు, నేను చేసింది అనడానికి ఎంత సేపు పడుతుంది? పెదవి విప్పలేదు. పైగా తల్లి మాటతో తనకో ఆసరా దొరికినట్టు అతని ముఖం తేలికపడింది. లావణ్య అది చూసింది. పరీక్ష కన్నా ముందు ఆమెకు అక్కడే ఏదో పోయింది.

మిషన్ కాళ్ళ దగ్గరే ఉంది, లాక్కుని విప్పుకోవచ్చు కదా అని చదివేవాళ్ళకు కోపం రావచ్చు. రావాలి కూడా. ఆమె కూడా ఆ తర్వాత అదే అనుకుని తనను తాను తిట్టుకుంది. అప్పుడు మాత్రం మామ కళ్ళలో భయం, అత్త ముఖంలో అమ్మవారు, మొగుడి చేతిలో ఫోను కనిపించాయి. స్క్రూడ్రైవరు ఆమె చేతిలోంచి ఎవరూ లాక్కోలేదు. తనే పీట పక్కన పెట్టేసింది.

తర్వాత గదిలోకి పోయి ఏజెన్సీ నంబరుకు ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతే మళ్ళీమళ్ళీ పలికింది. ప్రగతి నగర్‌లో, మూసాపేటలో తనకు తెలిసిన కంప్యూటర్ షాపులన్నింటికీ చేసింది. దసరా కదా, వాళ్ళ షట్టర్లకూ బంతిపూల దండలే వేలాడుతున్నాయి. ఒకాయన మాత్రం ఫోనెత్తి, సాయంత్రం పూజ అయ్యాక తెరుస్తామని చెప్పాడు. కిందికి పరిగెత్తి భూలక్ష్మిని అడుగుదామనుకుంది, భూలక్ష్మి ఏం చేయగలదు? పది దాటింది. లావణ్య నల్లటి తెర ముందు కూర్చుని చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చింది.

పదకొండు దాటాక కొబ్బరికాయ కొట్టారు, హారతిచ్చారు, పీట కదిపారు. అప్పుడు ప్రశాంత్ ఎవరూ అడక్కుండానే రెండు లాప్‌టాప్‌లనూ తన గదిలోకి పట్టుకుపోయి, విప్పి, ఎవరిది వాళ్ళకు మార్చి, లావణ్య దాన్ని ఆమె ముందు పెట్టి బటన్ నొక్కాడు. తెర తెల్లగా వెలిగింది.

"చూసినావా, లూజ్ కాంటాక్ట్" అన్నాడు.

హాల్లోంచి తొంగిచూసిన మునిస్వామి రెండు చేతులూ జోడించి, అంతా అమ్మ దయ అన్నాడు. తెర మీద పరీక్ష కిటికీ దానంతటదే తెరుచుకుంది. మీకు కేటాయించిన సమయం ముగిసింది అని ఇంగ్లీషులో మర్యాదగా రాసి ఉంది. లావణ్య దాన్ని మూయలేదు, చదివి అలాగే వదిలేసింది.

మధ్యాహ్నం పండగ భోజనం ఎవరి మానాన వాళ్ళు తిన్నారు. నాలుగింటికి మునిస్వామి అగ్రిమెంటు మ్యాపులు తెరవబోతే పాత ర్యామ్ మీద లాప్‌టాప్ మళ్ళీ బిగుసుకుపోయింది. ప్రశాంత్ లావణ్య దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

"పరీక్ష ఎట్లాగూ అయిపోయింది గదా. ఆ ఎనిమిది నాయన దాంట్లో వేసేస్తా. నీకు ఇంకోటి తెప్పిస్తాలే."

"అయిపోలేదు. నేను రాయలేదు" అంది లావణ్య.

"అదే, అదే" అన్నాడు ప్రశాంత్.

అదే సమయానికి కాలింగ్ బెల్ మోగింది. కింది అంతస్తు ఎల్లేశం, భూలక్ష్మి జమ్మి ఆకు పట్టుకుని వచ్చారు. వాళ్ళు నిజాంపేట మనుషులు. ఇప్పుడు అపార్టుమెంట్లున్న నేలలో ఒకప్పుడు జొన్నలు వేసినవాళ్ళు. జమ్మి చేతిలో పెట్టి, బంగారం లెక్కన కళ్ళకద్దుకుని, అలాయ్ బలాయ్ ఇచ్చుకోవడం ఎల్లేశానికి మహా ఇష్టం. మునిస్వామిని కావలించుకున్నాడు, ప్రశాంత్ వీపు తట్టాడు. భూలక్ష్మి సోఫాలో కూర్చోకుండానే లావణ్య చేయి పట్టుకుంది.

"ఏం బిడ్డా, ఎగ్జామ్ మంచిగ రాసినవా? పొద్దుగాల నీ కోసం దీపం గూడ పెట్టిన."

లావణ్య నోరు తెరిచేలోపే ప్రశాంత్ అందుకున్నాడు. "టైముకు లాప్‌టాప్ మొరాయించింది అక్కా. బ్యాడ్ లక్."

"అమ్మవారి నిర్ణయం, మన చేతుల్లో ఏముంది" అంది శారదమ్మ.

"అయ్యో, గట్లెట్లాయె" అంది భూలక్ష్మి. ఆమె కళ్ళు నిజంగానే చెమ్మగిల్లాయి. ఆ ఇంట్లో పొద్దుట్నుంచీ లావణ్య కోసం చెమ్మగిల్లిన కళ్ళు అవే. లావణ్యకు ఇక ఆగబుద్ధి కాలేదు.

"బ్యాడ్ లక్ కాదు భూలక్ష్మక్కా. ప్రశాంత్ నిన్న నా లాప్‌టాప్‌లోంచి ర్యామ్ తీసి మామ దాంట్లో పెట్టాడు. మామ పాతది నా దాంట్లో పెట్టాడు. అది నా దాంట్లో నడవదు. నాకు చెప్పకుండా చేశాడు, చేశాక ఆన్ చేసి చూడలేదు, పొద్దున మామ అడిగితే ఒప్పుకోలేదు. జరిగింది ఇదీ."

గొంతు పెంచలేదు. అందుకే హాల్లో ప్రతి మాటా వినిపించింది. ఎల్లేశం చేతిలో మిగిలిన జమ్మి ఆకులు ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో వేసుకున్నాడు.

"ఏమిరా, నిజమేనా?" అన్నాడు మునిస్వామి.

"నీ కోసమే గదా నాయనా. నీ మ్యాపులు..."

"నేను యెట్ల వచ్చిందని అడిగితిని గదరా." ఆయన గొంతులో కోపం కన్నా నొప్పే ఎక్కువుంది. "నువ్వు చేసినావని చెప్పింటే నేనే విప్పి ఇచ్చిందును. మన ఇంటి తప్పు మనం దిద్దుకుంటే అమ్మవారు అడ్డం పడుతుందా?"

ప్రశాంత్ తల దించుకున్నాడు. ఒక్క మాటతో అయిపోయేదన్నమాట. అతను చెప్పినా సరిపోయేది, పోనీ, అతను చెబుతాడని ఎదురుచూడకుండా తను చెప్పినా సరిపోయేది. మర్యాదకు పోయి నోరు మూసుకున్నందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

భూలక్ష్మి ఆమె చేయి వదల్లేదు. శారదమ్మే, వచ్చినవాళ్ళకు ఓళిగలు పెట్టాలంటూ కోడల్ని వంటింట్లోకి పిలిచింది. తలుపు దగ్గరికి వేసి, ముఖం మాడ్చుకుని, పళ్ళెంలో ఆ బొబ్బట్లు సర్దుతూ నెయ్యి వేసింది.

"బయటివాళ్ళ ముందర మొగుణ్ణి అట్ల నిలబెట్టేస్తారామ్మా? కడుపులో పెట్టుకోవాల గానీ. వాడు నీదాంట్లోది పీకి వాళ్ళ నాయన దాంట్లో పెట్టేది నిన్న నేనూ చూసినా. నీ దాంట్లోదే అని వాడే చెప్పినాడు. పొద్దున నువ్వు అంత ఏడుస్తా ఉంటే నాకూ తెలుసు ఏం జరిగిందో. నేను నోరు జారినానా?"

లావణ్య ఆమె ముఖంలోకి చూసింది. అందులో దాచుకోవాల్సిన తప్పేదీ చేసిన ఛాయ లేదు.

"తెలిసే అమ్మవారి నిర్ణయం అన్నావా అత్తా?"

"మరింకేమనాల?" అంది శారదమ్మ. నిజంగానే ఇంకేమైనా మాట ఉంటే చెప్పమన్నట్టు కోడలి వైపు చూసి, పళ్ళెం ముందుకు చాపింది. "పట్టుకుపో. చల్లారిపోతాయి."

లావణ్య చేతులు చాపలేదు.